పాత ఈకల బేరం

పనికిమాలిన తర్కం లాగేవాళ్ళని మన ఇళ్ళల్లో "ఈకకు ఈక, తోకకు తోక పీకుతున్నాడు" అంటారు. పనీ పాటా లేకుండా కూర్చున్నవాళ్ళని "ఈగలు తోలుకుంటున్నాడు" అంటారు. ఈ రెండు మాటలూ ఒకే మనిషికి, అదీ అక్షరాలా వర్తించడం నేను మా బావగారి విషయంలోనే చూశాను. ఆయన ఈకకు ఈకా, తోకకు తోకా పీకి, వాటితో ఈగలు కడతారు. నవ్వకండి. నేనూ మొదట మీలాగే నవ్వాను.

మా బావగారు డాక్టరు. ముప్ఫై అయిదేళ్ళు స్కాట్లండులో, టే నది ఒడ్డున ఉన్న పెర్త్ దగ్గర ప్రాక్టీసు చేసి, అక్కడే రిటైరై, అక్కడే ఉండిపోయారు. అక్కయ్యకీ నాకూ పధ్నాలుగేళ్ళ తేడా. దాని పెళ్ళిలో నేను పట్టుపరికిణీ తొక్కుకుని బోర్లాపడి ఏడ్చిన ఫోటో ఒకటి ఇప్పటికీ ఆల్బంలో ఉంది. అక్కయ్య పోయి రెండేళ్ళు దాటింది. పిల్లలిద్దరూ చెరో దేశంలో. కిందటేడు మే నెలలో, మూడు వారాలు ఆయన దగ్గర ఉండి వద్దామని నేను ప్రయాణం కట్టాను.

బయల్దేరే ముందురోజు అమ్మ నాకు ఒకే ఒక్క పని అప్పగించింది. "అక్క చీరలు అల్లుడుగారు ఏం చేశారో కనుక్కో. ఆ అరక్కు రంగు కంచిపట్టు ఒక్కటి ఇస్తే తెచ్చెయ్. అడక్కు సుమా. కనుక్కో." అడక్కుండా కనుక్కోవడమనే విద్య అమ్మ తరంవాళ్ళకి పుట్టుకతోనే వచ్చేది. నేను బి.ఏ. చదివాను గానీ మా సిలబస్‌లో అది లేదు.

"మీకేం తెమ్మంటారు బావగారూ?" అని ఫోనులో అడిగితే ఏమీ వద్దన్నారు. ఎలాగూ ఈకల మనిషి కదా, పోనీ తిరనాళ్ళలో కొన్న నెమలీకలు నాలుగు పట్టుకొస్తానన్నాను. ఆయన ఫోనులోనే ఉలిక్కిపడ్డారు. నెమలి తనంతట తాను రాల్చిన ఈకని మన దేశంలో అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు గానీ దేశం దాటించడానికి వీల్లేదట. అలా అని నాకేం తెలుసు? ఆవకాయ సీసా చాలన్నారు. దానికేం అభ్యంతరం లేదు కాబోలు.

ఇంతకీ ఈగ అంటే ఈగ కాదు. గాలానికి సిల్కు దారంతో ఈకలూ పోగులూ చుట్టి నీళ్ళలో విసిరితే, చేప దాన్ని ఏ పురుగో అనుకుని నోరు తెరవాలన్నమాట. మామూలు చేపలకి కట్టేవి నిజంగానే దోమలాగో ఈగలాగో ఉంటాయి. సాల్మన్ చేపకి పాతకాలపు పద్ధతిలో కట్టేది మాత్రం ఏ పురుగులానూ ఉండదు. పెళ్ళికూతురి పూలజడలా ఉంటుంది. జాక్ స్కాట్ అని ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దంనాటి రకం. చిటికెనవేలంత లేని ఆ ఒక్క ఈగలో నెమలి, టర్కీకోడి, బట్టమేకపిట్ట, బాతు, బంగారు నెమలికోడి, దక్షిణ అమెరికా నీలి చిలక, టూకాన్, ఇంకా నాకు నోరు తిరగని మరో నాలుగైదు పక్షులూ ఉంటాయి. ఒక ఎర్ర ఈకని "ఇండియన్ క్రో" అంటారు. అది ఇండియాదీ కాదు, కాకీ కాదు. దక్షిణ అమెరికా పిట్ట. ఎవరు పెట్టారో ఆ పేరు!

రెండు మూడు పక్షుల ఈకల పోగుల్ని వరసగా పక్కపక్కన పెట్టి రెండు వేళ్ళతో మెత్తగా నిమిరితే, వాటికున్న కంటికి కనపడని కొక్కేలు ఒకదాన్నొకటి పట్టుకుని ఒకే ఈకలా అతుక్కుపోతాయి. దాన్ని వాళ్ళ భాషలో "పెళ్ళి చేయడం" అంటారు. ఎడమవైపు పోగుకి ఎడమవైపు పోగే కలవాలి. కుడిదానికి ఎడమది కలిపితే ఎంత నిమిరినా నిలవదు. "జాతకాలు చూస్తున్నారా?" అన్నాను. అంత ముసురుకున్న మనిషీ, వెళ్ళాక మొదటిసారి, నవ్వారు.

అసలు సంగతి ఇంకా విచిత్రం. సముద్రం నుంచి నదికి తిరిగొచ్చిన సాల్మన్ అసలు తిండే తినదు. ఉపవాసంలో ఉన్న చేప గాలాన్ని ఎందుకు కొరుకుతుందో, కోపంతోనో పాత అలవాటుతోనో, ఎవరికి తోచినట్టు వాళ్ళు చెబుతారు. ఖరీదైన ఈకలు లేకపోయినా దానికి పట్టింపు లేదు. రంగు వేసిన టర్కీకోడి ఈకకి కూడా పడుతుంది. మన బావగారు కట్టినవాటిలో మంచివి ఒక్కటీ నీళ్ళు చూడలేదు. అద్దాల పెట్టెల్లో గోడకెక్కాయి. అన్నట్టు ఆ టే నదిలోనే 1922 అక్టోబరు 7న ఒక సాల్మన్ పడింది. 64 పౌండ్లు. అంటే మన లెక్కలో 29 కిలోలు. గాలానికి చిక్కిన సాల్మన్లలో బ్రిటన్‌లో ఇప్పటికీ అదే రికార్డు. పట్టింది ఎవరనుకున్నారు? జార్జినా బాలంటైన్ అనే ఆడమనిషి! అదీ ఏ ఈకలూ లేకుండా, చిన్న చేపని ఎరగా పెట్టి. చేపని పెర్త్ ఆసుపత్రికి పంపిస్తే రోగులకీ నర్సులకీ కూరయింది. ఈ సంగతి నాకు చెప్పింది బావగారే. చెప్పి, మూడు వారాలూ నా చేత మాటలు పడ్డారు.

"మరి ఎందుకండీ ఇంత ప్రయాస?" అనడిగితే, "చేప కోసం కాదమ్మా" అని ఊరుకున్నారు.

కొత్త ఈకలు కొనరాయన. పాతవే కొంటారు. పెంపుడు పక్షుల ఈకలు దుకాణాల్లో దొరుకుతాయి గానీ పాత పుస్తకాల్లో చెప్పిన అడవి పక్షుల ఈకలు ఇప్పుడెవరూ కొత్తగా తేకూడదు. కనుక ఎప్పుడో తెచ్చినవి చేతులు మారుతూ ఉంటాయి. పోయిన చేపలవాళ్ళ పెట్టెలు, అటకమీది అమ్మమ్మల టోపీలు, మెడకి చుట్టుకునే ఈకల దండలు. వేలంపాటల్లో, పాతసామాను కొట్లలో, పేపరు ప్రకటనల్లో ఆయన వెతికేది ఇవే.

పాతవాటి బేరం మనకేం కొత్తా? పాత చీరలు పది ఇస్తే మూతలేని స్టీలు గిన్నె ఇచ్చేవాడితో గంటసేపు పోట్లాడిన ఇల్లాళ్ళం. మా అత్తగారి జరీ చీరలు, "పాత జరీ కొంటాం" అని కేకేసుకుంటూ వచ్చినవాడికి నేనే తూకానికి వేశాను. నిప్పుల్లో కాల్చి వెండి తీసుకుంటారట. ఆ డబ్బుతో కుక్కరు కొన్నాను. ఆ కుక్కరు మూడో విజిల్ దగ్గర ఇప్పటికీ ఒక్కోసారి నాకు అత్తగారి గొంతు వినిపిస్తుంది. అది వేరే సంగతి.

ఒక శనివారం పొద్దున్నే, "డంకెల్డ్ అవతల ఒకావిడ ఈకలు అమ్ముతోందట, వస్తావా?" అన్నారు. కారెక్కాం. దారిపొడుగునా కొండల మీద పసుప్పచ్చటి ముళ్ళపొదలు విరగబూసి ఉన్నాయి. నేను ఊరికే ఉండలేక పాపం పుణ్యం ఎత్తాను. ఎన్ని పక్షుల్ని చంపితే ఒక పెట్టె నిండిందో కదా అన్నాను.

ఆయన కాదనలేదు. పైగా నాకు తెలియనివి ఆయనే చెప్పారు. 1886లో ఒక పక్షిశాస్త్రవేత్త న్యూయార్కు బజారులో రెండుసార్లు నడిచి, ఎదురైన ఆడవాళ్ళ టోపీలు లెక్కపెట్టాడట. 700 టోపీల్లో 542 టోపీల మీద ఈకలో, రెక్కలో, ఏకంగా పిట్టలో ఉన్నాయి. తెల్ల కొంగలకి గూడు కట్టే రోజుల్లోనే వీపు మీద ఆ సన్నటి కుచ్చు ఈకలు వస్తాయి. వాటి కోసం తల్లుల్ని చంపితే గూళ్ళలో పిల్లలు మాడిపోయేవి. దాన్ని ఎదిరించింది కూడా ఆడవాళ్ళే. 1889లో మాంచెస్టర్ దగ్గర ఎమిలీ విలియమ్సన్ అనే ఇల్లాలు ఇంకొందరిని పోగేసి, ఈకలు పెట్టుకోమని ఒట్టు వేయించింది. మన దేశం నుంచి అడవి పక్షుల ఈకల ఎగుమతిని 1902లో ఆపారు. బ్రిటన్‌లో దిగుమతి ఆపే చట్టం 1921కి గానీ రాలేదు. టోపీల మీద జరిగినంత గొడవ గాలాల మీద జరగలేదు బావగారూ, అని నేను అనకుండా ఉంటానా? అన్నాను.

"ఒప్పుకుంటాను. నీ ఒంటిమీదున్నది ఏం చీరమ్మా?" అన్నారు.

చలికి వెచ్చగా ఉంటుందని ధర్మవరం పట్టు కట్టుకున్నాను. పట్టుపురుగుని గూడుతో సహా వేడినీళ్ళలో వేస్తేనే దారం తెగకుండా వస్తుందని నాకు తెలుసు. అంచుకి వేలు చుట్టుకుంటూ కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాను.

ఆవిడకి ఎనభై దాటి ఉంటాయి. వెన్నబిస్కట్లూ టీ ఇచ్చి, భోజనాల బల్లమీద పెట్టెలు పరిచింది. పొగాకు డబ్బాలు, చెప్పుల అట్టపెట్టెలు, పాత కవర్లు. మా బావగారు చేతులు కడుక్కుని, జేబులోంచి తెల్లకాగితం తీశారు. పూర్వం పక్షిచర్మాలు పాడవకుండా పాషాణం పూసేవారట. అందుకని ముందూ వెనకా కూడా చేతులు కడుక్కోవాలి. ఒక్కో ఈకల కట్టని కాగితం మీద తట్టి చూశారు. సన్నటి ఇసకలాంటి పొడి రాలితే లోపల పురుగుందన్నమాట. కాడని కొద్దిగా వంచి చూశారు. ఎండిపోయినదైతే పుటుక్కుమంటుంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి రంగు సొంతమో, వేసిందో చూశారు. ఆ తిరగేయడం, మరగేయడం చూస్తే నాకు పెళ్ళిచూపులు గుర్తొచ్చి, ఆ ఈకల మీద జాలేసింది.

అన్నిటికంటే ముఖ్యంగా ఆయన చూసింది ఒక నోటుపుస్తకం. ఆవిడ భర్త ఏ ఈక ఏ సంవత్సరం ఏ కొట్లో ఎంతకి కొన్నదీ అందులో పెన్సిలుతో రాసుకున్నాడు. ఆ పుస్తకం లేకపోతే బావగారు కొనేవారు కారు. దానికో కారణముంది. 2009 జూన్‌లో, లండన్‌కి దగ్గర్లో ట్రింగ్ అనే ఊళ్ళో ఉన్న ప్రకృతిచరిత్ర మ్యూజియం పక్షుల భాండారంలోకి రాత్రివేళ ఒక కుర్రాడు కిటికీ పగలగొట్టి దూరాడు. ఇరవయ్యేళ్ళవాడు. ఫ్లూటు నేర్చుకుంటున్న విద్యార్థి. ఈగలు కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. 299 పక్షిచర్మాలు సూట్‌కేసులో సర్దుకుని రైలెక్కి వెళ్ళిపోయాడు. వాటిలో నూటయాభై ఏళ్ళ కిందట ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ తూర్పు దీవుల్లో తిరిగి తెచ్చినవీ ఉన్నాయి. మ్యూజియం వాళ్ళకి నెల దాకా తెలియనే లేదు. పదిహేడు నెలల తర్వాత దొరికాడు గానీ, ఈలోగా ఎన్నో ఈకలు అమ్ముడైపోయాయి. కొన్నవాళ్ళు ఎక్కడివని అడగలేదు. పక్షి కాలికి కట్టిన చీటీ తెగిపోతే, అది ఎక్కడిదో ఎప్పటిదో చెప్పే నాథుడుండడు. శాస్త్రానికి అది ఇక ఉత్త ఈకే. "ఎక్కడిదని అడగడానికి సిగ్గుపడేవాడు పాతసామాను కొనకూడదు" అన్నారు బావగారు, పుస్తకంలో పేజీలు తిప్పుతూ.

అన్నిటికంటే అడుగున, మైనపు కాగితంలో, ఒక కోడి మెడ ఉంది. నల్లటి సన్నటి ఈకలు. ప్రతి ఈక కొసనా మీగడరంగు చుక్క, పసుపురంగు చుక్క. లక్క కరిగించి సన్నటి పుల్లతో పెట్టినట్టు నున్నగా మెరుస్తున్నాయి. ముగ్గులో చుక్కల్లా వరసగా ఉన్నాయి. "ఇది మనదమ్మా" అన్నారు బావగారు. అడవికోడి! గోదావరికి దక్షిణాన మన కొండల్లో తిరిగేది. శేషాచలం అడవుల్లో ఇప్పటికీ ఉంది. పేరున్న పాత సాల్మన్ ఈగల్లో చాలావాటికి బుగ్గచుక్క ఇదే. 1972 చట్టం వచ్చాక దాన్ని వేటాడకూడదు. ఇప్పుడు ఈగలు కట్టేవాళ్ళు సీమలోనే పెంచిన కోళ్ళ మెడలు కొంటారు. కానీ ఈ మెడ మన అడవిలో కూసిన కోడిదే. నోటుపుస్తకంలో 1958 అని ఉంది. నాకంటే అక్కయ్య కంటే కూడా ముందు సీమకి వచ్చి, ఎన్ని ఏళ్ళు ఆ డబ్బాలో పడుందో! నేను వేలితో ముట్టుకున్నాను. చల్లగా, గోరులా ఉంది.

ఆవిడ అమ్మమ్మగారి టోపీ కూడా చూపించింది. దానిమీద కుచ్చుగా పసుప్పచ్చ స్వర్గపక్షి తోక. 1947 మార్చి 3కి ముందే తయారైన వస్తువు గనక అలాగే ఉంచి అమ్మితే ప్రత్యేకం అనుమతి అక్కర్లేదట. విప్పి ఈకలుగా చేస్తే మళ్ళీ వేరే లెక్కట. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "టోపీని టోపీగానే ఉంచండి" అని ఆవిడ చేతిలో పెట్టేశారు. మిగతా పెట్టెలకి 120 పౌండ్లు ఇచ్చారు. ఆవిడ అడిగింది వంద. మన ఇల్లాళ్ళెవరూ ఈ బేరం చూడకపోవడం మంచిదైంది.

డబ్బు లెక్కపెట్టకుండానే ఆవిడ సొరుగులో వేసింది. తర్వాత నావైపు తిరిగి, నేనేదో అడిగినట్టే, చెప్పడం మొదలుపెట్టింది. "ఆయన పోయి పదకొండు నెలలు. తొందరపడుతున్నానని మా అమ్మాయికి కోపం. నేనూ అమ్మకూడదనే అనుకున్నాను. చలికాలంలో ఒకరోజు చూడాలనిపించి మంచి పెట్టె, ఆయనకి ఇష్టమైన పెట్టె, తెరిచాను. దుమ్మూ కాడలూ తప్ప ఏం మిగల్లేదు. పురుగు తినేసింది. ఆయన వారానికోసారి తీసి చూసుకునేవారు, నాకది తెలియలేదు. పురుగు కోసమా నేను దాచింది?"

తిరుగు ప్రయాణంలో మా బావగారు ఒక్క మాట మాట్లాడలేదు. నాకు కుట్టే నోరైనా, నేనూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక ఆయన ఎప్పుడూ చేసేట్టే, కొన్న ఈకల్ని గాలి తీసిన ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి ఫ్రీజర్‌లో సర్దారు. రెండు వారాలు గడ్డకట్టిస్తే పురుగూ గుడ్లూ చస్తాయి. ఆ తర్వాత సబ్బునీళ్ళలో కడిగి, కెటిల్ ఆవిరిమీద పట్టుకుంటే నలిగిన ఈకలు చక్కబడతాయి. ఆ ఫ్రీజర్ నేను వచ్చిన రోజే చూశాను. ఒక అరలో ఈకలు. ఇంకో అరలో ఒకే ఒక్క డబ్బా. దానిమీద అక్కయ్య గుండ్రటి అక్షరాలతో "కరివేపాకు" అనీ, కింద తారీఖూ. అది పోవడానికి నెల ముందటిది. మొదటిరోజు పోపులోకని తీయబోతే, "అది ఉండనీమ్మా, ఎండుది ఉంది" అన్నారు. నేను మూత పెట్టేశాను.

ఆ రాత్రి పదింటికి నా గది తలుపు తట్టారు. అక్కడ మే నెలలో రాత్రి పదింటికి కూడా ఆకాశంలో వెలుగుంటుంది. "మీ అక్కయ్య బీరువా నేను తెరవలేదు" అన్నారు. ఇంకేమీ అనలేదు. తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది.

తలుపు తీయగానే అక్కయ్య వాసన వస్తుందని భయపడ్డాను. రాలేదు. మట్టివాసన వచ్చింది. కాశ్మీరు శాలువా మడత విప్పితే జల్లెడలా ఉంది. ఆయనకి మూడేళ్ళ కింద, ఇద్దరూ చార్‌ధామ్ వెళ్ళినప్పుడు కొన్నదట. పట్టుచీరలు కొన్ని బాగానే ఉన్నాయి. కొన్నిటికి మడతల్లో చిల్లులు. అమ్మ అడిగిన అరక్కు రంగు చీరకి పమిట దగ్గర మూడు. అంచు మాత్రం చెక్కుచెదరలేదు. జరీని పురుగు ముట్టదు. కలరా ఉండలు వేసుకుందామంటే ఆ దేశంలో నాఫ్తలీన్‌వి అమ్మరాయె. నేను మంచంమీద చతికిలబడ్డాను. కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. కోడి మెడని వారానికోసారి కాగితం మీద తట్టి చూసుకునే మనిషి!

నా మొహం చూసి ఆయనకి అర్థమైంది. "నాకు వాటిని ముట్టుకోవడం చేతకాలేదమ్మా" అన్నారు. "ఈకలైతే ఎవరివో."

తర్వాత ఆయన వంటింట్లోకి వెళ్ళి తెల్లకాగితం, టార్చిలైటు పట్టుకొచ్చారు. ఒక్కో చీరా విప్పి, కాగితం మీద దులిపి, మడతలోకి లైటు వేసి చూసి, నాకందించారు. నేను కొత్త మడత వేశాను. ఏ చీర ఎప్పటిదో నాకు తెలిసినవి నేను చెప్పాను. తెలియనివి ఆయన చెప్పారు. ఒక నీలం వెంకటగిరి దగ్గర ఇద్దరం వాదులాడుకున్నాం. నేను పెద్దాడి బారసాలదన్నాను, ఆయన కాదన్నారు. ఆయనదే నిజమని ఇండియా వచ్చాక ఆల్బం చూస్తే తేలింది. తెల్లవారుజామున మూడయింది. అప్పటికే మళ్ళీ వెలుగొస్తోంది. మొత్తం నలభై ఒక్క చీరలు. సంచుల్లో పెట్టి, ఆయనే మార్కరుతో ఒక్కోదాని మీదా చీటీ రాశారు. రంగు, ఊరు, సంవత్సరం. డాక్టర్ల చేతిరాత, నేనే మళ్ళీ పక్కన విడమరిచి రాయవలసి వచ్చింది.

ఫ్రీజర్‌లో చోటు చాలలేదు. బఠాణీలూ ఐస్‌క్రీమూ తీసేశాం. ఇంకా చాలలేదు. ఆయన కాసేపు నిలబడి, కరివేపాకు డబ్బా తీసి నా చేతికిచ్చారు. పొద్దున చారులో వేశాను. మంచు పట్టి నల్లబడిపోయింది గానీ, నూనెలో పడగానే చిటపటలాడింది. ఇద్దరం రెండోసారి వడ్డించుకున్నాం.

ఆ మధ్యాహ్నం అమ్మకి ఫోను చేశాను. చీరలున్నాయనీ, అరక్కు రంగుది తెస్తున్నాననీ, మూడు చిల్లులున్నాయనీ, రఫూ చేయిద్దామనీ చెప్పాను. ఇప్పుడెక్కడున్నాయంది. ఫ్రీజర్‌లో అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"తడి తగలకుండా పెట్టారా?" అంది అమ్మ. "జరీ నల్లబడుతుంది."